పసుపు అంగీ మొక్కు

ఉరికేది అది, ఆయాసం నాకు, అనుకుంటా నాగలక్ష్మమ్మ రోడ్డుపక్క మోరీ గోడమీద గాలి కొట్టని పక్కకు జరిగి కూచుంది. జరిగితే మాత్రం, ఈ ఆరుద్ర గాలికి పక్కా దిక్కూ ఉంటే గదా, ఒక సందులో తప్పించుకుంటే ఇంకో సందులోనించి దుమ్ము తెచ్చి కండ్లలో పోస్తాండాది. మబ్బులు కోడిపిల్లల మాదిరి ఒకదాని యనక ఒకటి కర్ణాటక పక్కనించి వచ్చి, ఈడ దిగే పనేమీ లేనట్లు నెత్తిమీద దాటుకోని పోతాండాయి. గుట్టమీది గాలిమరలకు మాత్రం పండగ, గిరగిరా తిరుగుతాండాయి, వాటికి వాన పడినా ఒకటే పడకున్నా ఒకటే. ఈ పాపకూ అంతే. ఊరంతా విత్తనకాయలు వలిచి పెట్టుకోని ఆకాశం పక్క చూస్తా కూచోనుంటే, ఇదొక్కతే కోడి కూసే యాలకు లేచి, పసుపు అంగీ ఏసుకోని, ఉత్త కడుపుతో కంబదూరు రోడ్డుమీద పడి ఉరుకుతాది. ఎందుకే తల్లీ అంటే, క్యాన్సరుకంట. క్యాన్సరుకు ఉరికేదేందప్పా? క్యాన్సరు యనకపడితే ఉరకల్ల గానీ. మనవరాలు గదా, పేరు పెట్టిందీ తనే గదా, ఇంద్రాణీ అని ముద్దుగా పిలుచుకుంది గదా, అందుకు ఇదీ ఫలం. అనంతపురంలో డిగ్రీ చదువుకునే పిల్ల సెలవులకు ఇంటికొస్తే నాలుగు ముద్దలు తిని పండుకోవల్ల. ఆడపిల్ల ఒంటిగా రోడ్డున పోతే బాగుండదని కొడుకు హనుమంతరాయుడు తల్లిని కాపలా పెట్టినాడు. కాపలా! లేచేదానికి గోడ పట్టుకునే ముసల్ది, ఉరికేదానికి కాపలా. ఆ మలుపు దాటితే దాని జడ గూడా కనపడదు. ఆ కొసన కిలోమీటరు రాయి ఉండాది, వంగి దాన్ని చేత్తో తాకి మళ్లుకొస్తాది, ముసల్ది ఈడ రోడ్డుకు కాపలా కాస్తా కూచుంటాది.

ఈ పొద్దు చెప్పేయల్ల. కొడుకు పొద్దున్నే పండ్లు తోముకుంటా, మొగం పక్కకు పెట్టుకోని, 'మా, ఈ పొద్దుతో ఆపేయమని చెప్పు. ఊర్లో రకరకాలుగా అనుకుంటాండారు. నేను చెప్తే వినదు, నువ్వు చెప్తే వింటాది' అన్నాడు. ఈయప్పకు నోరు లేదా? ఉండాది, ఎద్దుల సంతలో బేరమాడేటప్పుడు ఊరంతా వినపడుతాది. కూతురు ముందర మాత్రం రాదు. ఆ పిల్ల తలెత్తి చూసిందంటే అచ్చం వాళ్లమ్మ సునంద చూసినట్లే ఉంటాది, ఇంక ఈయప్ప తువ్వాలు దులుపుకోని వాకిట్లోకి పోతాడు. నాయనకు చెప్పల్లంటే బిడ్డ అవ్వతో చెప్పిస్తాది, బిడ్డకు చెప్పల్లంటే నాయన అమ్మతో చెప్పిస్తాడు, నడాన ఈ నాగలక్ష్మమ్మ టపాలు మోసేదానికి పుట్టినట్లుండాది. సరే, చెప్తాది. చెప్పల్లని ఆమెకూ ఉండాది. ఎన్ని పొద్దులు ఓర్చుకునేది? పరిశోధనంట. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు సోదె చెప్పే ఆమె, ఆమె బుట్ట, చాట నిండా గవ్వలు కండ్లముందర మెదుల్తాయి. కాదవ్వా, మందు కనుక్కునేది, అని పాప చెప్పింది. మందు కనుక్కునేవాళ్లకు దుడ్లు కావల్లంట. ఇచ్చేవాళ్లు ఉండారంట. అయితే వాళ్లు ఊరికే ఇయ్యరంట, ఎవరన్నా ఉరికితే ఇస్తారంట. ఇదేం న్యాయం? ఇచ్చే మనసుంటే కూచున్నోళ్లకే ఇయ్యొచ్చు గదా? బెంగుళూరులో ఒక ఆదివారం పొద్దు వేలమంది గుంపుగా, ఈడినించి కళ్యాణదుర్గం పోయి మళ్లా వచ్చినంత దూరం ఉరికి, బయల్దేరిన తావుకే వచ్చి నిల్చుకుంటారంట. బయల్దేరిన తావుకే వచ్చేదానికి బయల్దేరేదెందుకు? గానుగెద్దు తిరిగితే నూనన్నా కారుతాది.

మారెప్ప పాలక్యాన్లు గలగలమనిపించుకుంటా వచ్చి ఆమె దగ్గర మోటరుసైకిలు నిదానం చేసినాడు. 'ఏం పెద్దమ్మా, ఈ పొద్దు గూడా తోలినావా పాపను మేతకు?' అన్నాడు. 'నీ ఎనుముల మాదిరి మేసి పాలిస్తే తోల్తాలేరా, పో' అంది ఆమె. వాడు పోలేదు. కాలు నేలకానించి, గొంతు తగ్గించి, 'అది కాదు పెద్దమ్మా, మీ ఇంట్లో ఇంకొకరికి వచ్చిందంట గదా, అందుకే పాప మొక్కు పట్టిందంట. ఎవురికి? అన్నకా, నీకా?' అన్నాడు. 'నీ నాలిక్కొచ్చింది, పోరా!' అని అరిచేసింది. వాడు నవ్వుకుంటా బండి తోలుకోని పోయినాక తన నాలికే కరుచుకుంది. అట్లాంటి మాట అనొచ్చునా? శత్రువుకు గూడా వద్దు ఆ జబ్బు. ఊర్లో దాని పేరు ఎత్తరు, ఆ జబ్బు అంటారు, తన చిన్నప్పుడు రాచపుండు అనేవాళ్లు. రాజుల పుండంట. రాజులు పోయినారు, రాజ్యాలు పోయినాయి, పుండు మాత్రం ఈడ సంగటి ముద్ద తినేవాళ్ల ఇండ్లకు దారి కనుక్కోనొచ్చింది. దానికెవరు ఉరికినారో.

మొక్కంట. కానీ ఊరోళ్లను తప్పు పట్టేదానికీ లేదు, ఆలోచిస్తే. పసుపు గుడ్డ కడతారు ఎవురు? మొక్కుండేవాళ్లు. కోడి కూసే యాలకు తానం చేసి ఉత్త కడుపుతో పోతారు ఎవురు? మొక్కుండేవాళ్లు. ఒక రాయి దాకా పోయి, వంగి, చేత్తో తాకి, యనక్కి తిరక్కుండా వస్తారు ఎవురు? కదిరికి నడిచినోళ్లను, తిరుపతికి నడిచినోళ్లను చూసిన కండ్లు గదా ఊరోళ్లవి, బెంగుళూరు కంపెనీవాళ్లు ఆ రంగు అంగీ పంచినారని వాళ్లకేం తెలుసు. అంగీ మీద ఈపున సునంద అని రాయించుకుంది పాప, చచ్చినామె పేరు. దాన్ని చూసి చింతచెట్టు కింద ముసలోళ్లు చేతులు జోడిస్తాండారంట. పాప చెయ్యి ఊపుతాదంట, వాళ్లు ఆశీర్వాదం అనుకుంటాండారంట. దేవుడా.

సునందకు చెప్పి చూడల్ల ఈ సంగతి, పడీ పడీ నవ్వుతాది. నవ్వేదానికి ముందుండేది, ఆస్పత్రికి పోయేదానికి మాత్రం యనక. ఆమె నడిచేది గూడా ఇట్లే, నడకంటే ఉరుకే, చేనికి సద్ది తీసుకోని పోతే కోడలు గట్టు దాటేసరికి అత్త ఇంకా వాకిట్లో. నిదానంగా పోవే, చేనేం లేచి పోదు అని ఎన్నిసార్లు అరిచిందో. ఆ యేడు చెనక్కాయ ఇరగ్గాసింది. ఎన్నో ఏండ్లకు ఒకసారి కాసే కాయ, చెట్టు పెరికితే గుత్తులు గుత్తులుగా. అప్పుడు చెప్పింది, బచ్చలింట్లో నీళ్లు పోసుకుంటా, జాకెట్టు గుండీ ఊడిందన్నట్లు, 'అత్తా, రొమ్ములో ఏదో గడ్డుండాది, చెనక్కాయ విత్తనమంత' అని. పోయి చూపించుకో పోవే అంటే, కాయ పెరికినాక పోతానత్తా అంది. పెరికినారు. కాయ కొట్టినాక పోతా అంది. కొట్టినారు. ఎండినాక పోతా. ఎండింది. మూటలు కట్టి తోలినాక పోతా. నాక, నాక, నాక, ఆ ఇంట్లో ఆ యేడు అదొక్క మాటే. కాయ ఇంటికొచ్చేసరికి గడ్డ గూడా పంటకొచ్చింది. బెంగుళూరు పోయినారు, ఆ మందు ఎక్కించుకోని ఎంటికలన్నీ రాలిపోయి ఇంటికొచ్చి, తలకు గుడ్డ చుట్టుకోని, 'ఇంక నా తలలో పేండ్లు చూసే పని తప్పింది నీకు, అత్తా' అని నవ్వింది. నవ్వుతారా ఎవురన్నా? నాగలక్ష్మమ్మకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. బతికినోళ్ల మీద కోపమైతే అన్నం పెట్టేటప్పుడు గిన్నె ఠంగుమనిపించి తీర్చుకోవచ్చు. చచ్చినోళ్ల మీద కోపం యాడ పెట్టుకోవల్ల? అందుకే అది ఎప్పుడూ ఈడే ఉంటాది, గొంతుకిందనే, సంగటి ముద్ద దిగకుండా నిల్చిపోయినట్లు. ఆ తల్లి ఉరకాల్సిన పొద్దు నిల్చుకుంది, ఈ బిడ్డ నిల్చోవాల్సిన పొద్దు ఉరుకుతాండాది. ఒక్కరన్నా చెప్పిన మాట చెప్పిన యాలకు విన్నారా ఈ వంశంలో?

చేని దారినించి ఎవరో వస్తాండారు, తలమీద కొంగు, గుప్పిట మూసుకోని. బయమ్మ. యనకీధి సుంకప్ప పెండ్లాం. వచ్చి మోరీ దగ్గర నిల్చోని, కూచోకుండా, రోడ్డు కొసకు చూసింది.

'పాప ఇంకా రాలేదా వదినా?'

'వస్తాది. యాడికి పోతాది, ఆ రాయి దాకే గదా.'

'ఉత్త కడుపేనా?'

'ఉత్త కడుపే. తిని ఉరికితే కక్కొస్తాదంట.'

బయమ్మ నియమం అర్థమైనట్లు తలూపి, గుప్పిట తెరిచింది. పసుపు గుడ్డ, ముడి గట్టిగా బిగించి, లోపల రూపాయి బిళ్ల గుండ్రంగా కనపడతాండాది. ముడుపు. 'మా ఇంటాయన పేరు మీద. దీన్ని గూడా మోయమని చెప్పు పాపకు' అంటా నాగలక్ష్మమ్మ ఒడిలో పెట్టేసింది. వద్దనేదానికి లేకపాయె. దేవునికని ఎత్తిపెట్టిన ముడుపును నోటితో వద్దనగూడదు, చేత్తో ఇప్పగూడదు, యనక్కి ఇయ్యగూడదు, ఇది పుట్టినప్పటినించి తెలిసిన సంగతి. నిప్పు పడినట్లు ఒళ్లో పడింది. 'ఇది మొక్కు కాదే బయమ్మా, ఇది... ఏందది... పరిసోద...' అంటాంటే, బయమ్మ కండ్లు పెద్దవి చేసి, 'అదే, నేనూ అనుకుంటి, సోదెలోనే చెప్పిందా ఉరకమని?' అంది. నాగలక్ష్మమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఇంక చెప్పి లాభం లేదు. 'సుంకప్పకు ఎట్లుండాది?' అంది, మాట మార్చేదానికి.

'దౌడ వాచింది వదినా. ఎప్పుడూ ఆకూవక్కా పొగాకూ ఆ దౌడనే పెట్టుకునేవాడు గదా, ఆడే పుండు. నోరు తెరుచుకోదు, సంగటి పల్చగా చేసి పోస్తాండా. కళ్యాణదుర్గం డాక్టరు, అనంతపురం పెద్దాస్పత్రికి పోండి, చిన్న ముక్క తీసి చూడల్ల అన్నాడు.'

'పోయినారా మరి?'

'యాడ పోయేది? ఇనుము తగిల్తే పుండు పాకుతాదంటారు గదా. ఇంగ మీ పాప మొక్కుండాది. మొక్కు మీద ఉండంగా కోయించుకుంటే మొక్కు చెడుతాదని పెద్దోళ్లన్నారు. బెంగుళూరులో తీరిపోనీ. తీరినాక పోతాం.'

తీరినాక. పెరికినాక, కొట్టినాక, ఎండినాక, తీరినాక. చచ్చిపోయిన ఆ మాట మళ్లా యాడినించి లేచొచ్చింది, ఈ పసుపు గుడ్డ కట్టుకోని? పాప ఉరుకుతాండాదని ఈళ్లు కూచోనుండారు! దేనికోసరమైతే అది అరికాళ్లు బొబ్బలెక్కించుకుంటాండాదో సరిగ్గా దానికే అడ్డం పడుతాండాది ఆ ఉరుకు! ఆమెకు ఎంత కోపమొచ్చిందంటే, బయమ్మ మీదా, సుంకప్ప పొగాకు మీదా, పెద్దోళ్ల మీదా, సునంద మీదా అందరి మీదా ఒకటేసారి వచ్చింది.

'ఏ పెద్దోళ్లే నీకు చెప్పింది?' అని లేచి నిల్చుకుంది, గోడ గూడా పట్టుకోకుండా. 'మొక్కు మోసేది మేము. పద్ధతి మాకు తెలుసా, వాళ్లకు తెలుసా? ఇది పాత మొక్కు గాదు. ఈ మొక్కులో ముడుపు కట్టినోళ్లు కట్టిన పొద్దే ఆస్పత్రికి పోవల్ల. అదే నియమం. పోయి ఆ ముక్క తీయించుకోవల్ల, డాక్టరు ఏం చెప్తే అది చెయ్యల్ల. పోకుండా కూచుంటే ముడుపు కట్టినోళ్లకే తిరుగుతాది.'

బయమ్మ మొగం పాలిపోయింది. 'ఈ పొద్దేనా?'

'ఈ పొద్దే. అనంతపురం బస్సుకే. ఆడోళ్లకు టికెట్టు గూడా ల్యాకపాయె, ఆయప్పకు ఒక్కనికే గదా కొట్టేది. నడువు.'

బయమ్మ నాలుగడుగులు పోయి, మళ్లా తిరిగి నిల్చుకుంది. 'వదినా, పాప మాత్రం నిలబడదు గదా? మీ హనుమంతరాయుడు నిలిపేయల్లని చూస్తాండాడంట, అనుకుంటాండారు. నడాన నిలబడితే మాది గూడా పాయె.' 'ఎవురే నిలిపేది, నేనుండంగా!' అంది నాగలక్ష్మమ్మ. అనేసినాక గానీ తెలీలేదు, ఏం మాట అనిందో. బయమ్మ ఊరి పక్కకు ఉరికినట్లే పోతాంది, కొంగు గాలికి లేచి. ముడుపును రొండిన దోపుకోని ముసల్ది మళ్లా గోడమీద కూలబడింది. అబద్ధం చెప్పిందా? ఏది అబద్ధం? పాపను అడిగితే గూడా అదే చెప్తాది గదా, తొందరగా చూపించుకోవల్లనే గదా దాని గోలంతా. నియమం అనే మాట ఒక్కటే గదా తను చేర్చింది, పులుసులో ఉప్పు మాదిరి. ఉప్పు లేకపోతే ఈ ఊర్లో ఎవరికన్నా దిగుతాదా? అయినా ఇంట్లో కొడుకొకటి చెప్పి పంపిస్తే రోడ్డుమీద తనొకటి చేసి కూచుంది, ఏం కర్మో.

చానా సేపటికి కనపడింది పాప, మలుపులో. ఉరకడం లేదు. కుంటుతాండాది. దగ్గరికొచ్చేసరికి కండ్లు ఎర్రగా, పెదివి కొరుక్కోని, వచ్చీరాగానే మోరీమీద కూచోని బూటు ఇప్పి ఇసిరేసింది. ఎడమ మడమ దగ్గర తోలు లేచి, మేజోడు రక్తానికి అతుక్కోని ఉండాది.

'నావల్ల కాదవ్వా. మానేస్తా. ఎప్పుడు చూసినా ఆ రాయి దగ్గరికొచ్చేసరికి కాళ్లు పడిపోతాండాయి, అంత దూరం యాడ పోతా? అమ్మ పేరు చెప్పి అందర్నీ దుడ్లు అడిగినా, ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని... పోనీలే. నాయనకు చెప్పు, ఆయన మాటే గెలిచిందని.'

వలిచిన అరటిపండు చేతిలో పెట్టినట్లు పెట్టింది. ఇన్ని పొద్దులు దేవునికి మొక్కిన మొక్కు, నోరు తెరిచి చెప్పే పని గూడా లేకుండా. నాగలక్ష్మమ్మకు ఏడవల్లనో నవ్వల్లనో తెలీలేదు. 'నిన్న మానింటే ఏం పోయిందే నీకు? మొన్న మానింటే? సరిగ్గా ఈ పొద్దే దొరికిందా?' అని కొంగు నోటికడ్డం పెట్టుకోని, బయమ్మ సంగతీ సుంకప్ప దౌడ సంగతీ ముడుపు సంగతీ ఒక్క గుక్కలో చెప్పేసింది. పాప ఏడుపు మానేసి నోరు తెరుచుకోని చూసింది.

'మొక్కని ఒప్పుకున్నావా? అవ్వా! ఇట్లాంటివి నమ్ముకోని కూచోకూడదనే గదా నేను ఉరికేది!'

'నమ్మినారు కాబట్టే బస్సెక్కుతాండారే! నీ పరిసోదన చెప్పింటే ఈపాటికి ఇంట్లో కూచోని సంగటి గెలుకుతాంటాది.'

పాప ఏదో అనబోయింది. ఊరి పక్కనించి హారను వినపడింది. చింతచెట్ల మధ్యలో ఎర్రగా బస్సు మొగం. నాగలక్ష్మమ్మ బూటు తెచ్చి పాప ఒళ్లో పడేసింది.

'తొడుక్కో.'

'కాలవ్వా...'

'బయమ్మకు బస్సంటే కడుపులో తిప్పుతాది, కిటికీ పక్కనే కూచుంటాది. నువ్వీడ బూటు ఇప్పి కూచోనుండేది చూసిందంటే, మొక్కు తెగిపోయిందని మొగుడ్ని ఆ ముందరి స్టేజీలోనే దింపుకుంటాది. మళ్లా ఎక్కుతారా? నాక, నాక అనుకుంటా... లేయే! బస్సు దాటేదాకా ఉరుకు, చాలు. బయటకు రక్తం కనపడకుండా ఉరుకు.'

పాప ఆమె మొగంలోకి చూసింది, అచ్చం సునంద చూసినట్లే, తల కొంచెం పక్కకు వంచి. బూటు తొడుక్కునేటప్పుడు పండ్లు కొరికింది. లేచింది. మొదటి నాలుగడుగులు కుంటింది, బస్సు మోరీ దగ్గరికొచ్చేసరికి కుంటు యాడ దాచిపెట్టిందో ఏమో, ఈపున సునంద అనే అక్షరాలు ఎగిరెగిరి పడతా ఉరుకుతాండాది. బస్సు దుమ్ము లేపుకోని దాటింది. కిటికీలో బయమ్మ, ఆమె యనక దౌడకు తువ్వాలు చుట్టుకోని సుంకప్ప. బయమ్మ సగం బయటకొచ్చి రెండు చేతులూ జోడించింది. పాప చెయ్యి ఊపింది. సుంకప్ప గూడా, చెయ్యెత్తల్లనో వద్దనో తెలీనట్లు ఎత్తినాడు. బస్సు ముందుకు పోయింది, మలుపు తిరిగింది, శబ్దం గూడా పోయింది.

పాప నిల్చోలేదు.

'పోయిందే బస్సు! ఇంక చాల్లేవే!' అని అరిచింది నాగలక్ష్మమ్మ. గాలి ఆ మాటను పట్టుకోని ఇంకో పక్కకు ఇసిరేసినట్లుండాది, లేదంటే వినపడీ వినపడనట్లు పోతాండాది, ఎవురి బిడ్డ మరి. ఎడమకాలు ఎక్కువ ఆనిస్తాండాది, అట్ల ఆనిస్తే మడమ ఇంకా చెడుతాది, ఆ మాత్రం తెలీదా ఇంత చదువుకునీ? నాగలక్ష్మమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోని రోడ్డు నడాకొచ్చి నిల్చుకుంది.

'కుడికాలు మీద బరువెయ్యే! కుడికాలు!'

అంత దూరంలో పాప తల తిప్పి యనక్కి చూసింది.

'నన్నెందుకు చూస్తావే పిచ్చిదానా, ముందర చూసి ఉరుకు!'